చమురు యుద్ధములు – మూల్యము చెల్లించునది ఎవరు?

పశ్చిమాసియాలో ఎక్కడనైన ఫిరంగులు మ్రోగినచో వాని ప్రతిధ్వని మన బెంగళూరు వీధులలో వారము తిరుగకముందే వినబడును. పెట్రోలు బంకువద్ద ఆటో తోలువారు ధరను గూర్చి మాటలాడుకొందురు. ఇండ్లలో తల్లులు గ్యాసు బండ ఎప్పుడు వచ్చునో, ఎంతకు వచ్చునో యని లెక్క వేసికొందురు. కువైట్‌లోనో దుబాయిలోనో పనిచేయు బంధువు గల ఇంట ఆ రాత్రి ఎవరికిని నిదుర పట్టదు. "అంతయు చమురు కొఱకే" యని ఒకరు తేల్చివేయుదురు. "కాదు, మతము కొఱకు, సరిహద్దుల కొఱకు" అని వేఱొకరు అడ్డము చెప్పుదురు.

పాఠశాలలలో జరుగు వక్తృత్వపు పోటీలలోను ఈ రెండు పక్షములే కనబడును. వాదము ముగిసి చప్పట్లు మ్రోగిన పిదప ఒక ప్రశ్న మాత్రము మిగిలిపోవుచున్నది. ఆ యుద్ధమునకు మూల్యము చెల్లించినది ఎవరు? నా అభిప్రాయమున, యుద్ధము చేసినవారి ఉద్దేశము తెలియవలెనన్న వారి ప్రకటనలను చదివినంత మాత్రమున చాలదు. వారు మొదట దేనిని కాపాడిరి, దేనిని తగులబెట్టిరి, తుదకు ఎవరి నష్టమును లెక్కలో వ్రాసికొనిరి అను మూడు సంగతులను చూడవలెను. ఈ మూడింటిని పరిశీలించుటకు మనము దూరదేశముల చరిత్రనే వెదుకనక్కరలేదు. మన తెలుగువారి కుటుంబములలోనే ఆ చరిత్ర యున్నది.

మొదట చమురు యుద్ధవస్తువు ఎట్లైనదో చూతము. ఇరువదవ శతాబ్దపు ఆరంభమున ఇంగ్లండు తన యుద్ధనౌకలను బొగ్గునుండి చమురునకు మార్పదొడగెను. బొగ్గు ఇంగ్లండులో సమృద్ధిగా నుండెను, చమురు లేకుండెను. 1908లో పారసీక దేశమున, అనగా నేటి ఇరానులో, చమురు బయటపడెను. 1914లో బ్రిటిషు ప్రభుత్వమే ఆంగ్లో-పర్షియన్ ఆయిల్ కంపెనీలో అధికభాగము వాటాలు కొనెను. ఆ యేటనే మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. తుర్కీతో యుద్ధము ప్రారంభమైన మఱుసటి దినముననే, అనగా 1914 నవంబరు 6వ తేదీన, భారతదేశమునుండి వెడలిన సేన పారసీక సింధుశాఖ కొనయందలి ఫావు వద్ద దిగెను. అబాదానులోని చమురు శుద్ధి కర్మాగారమును, గొట్టపు మార్గమును రక్షించుట దాని పనులలో నొకటి. ఆ నెలలోనే బస్రా వశమయ్యెను.

అచ్చటితో చమురునకు రక్షణ కలిగినది గదా! అయినను సేన ఆగలేదు. టైగ్రిస్ నది వెంట బాగ్దాదు వైపు నడిచెను. ఫలితముగా కూట్ పట్టణమున చిక్కుకొని, అయిదు మాసములు ఆకలికి తాళి, 1916 ఏప్రిల్ 29న లొంగిపోయెను. బందీలైన సుమారు 13,000 మందిలో అధికసంఖ్యాకులు భారతీయులు. చెఱలో వేలమంది మరణించిరి. కనుక ఈ యుద్ధమునకు చమురొక్కటే కారణమనుట సరి కాదు. చమురు సేనను ఆ తీరమునకు రప్పించినది. రాజ్యప్రతిష్ఠ దానిని ఎడారిలోనికి నెట్టినది. కారణములు రెండైనను చనిపోయినవాడు ఒక్కడే. అతడు చమురు కంపెనీ వాటాదారుడును కాడు, రాజ్యము ఏలువాడును కాడు. నేటికిని మన అలసూరు చెఱువు చెంత కేంద్రము గల మద్రాసు సాపర్ల దళమువారు ఆ మెసపొటేమియా రంగమున పనిచేసినవారే. ఆ దళమున తెలుగువారు, తమిళులు, కన్నడిగులు, మలయాళీలు కలిసి యుండిరి.

యుద్ధము మన తీరమునకును వచ్చెను. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎమ్డెన్ అను జర్మను యుద్ధనౌక చెన్నపట్టణపు రేవునకు వచ్చి గుండ్లు ప్రేల్చెను. అది గుఱిపెట్టినది కోటను గాదు, బర్మా ఆయిల్ కంపెనీవారి నూనె తొట్లను. కొలది నిమిషములలో లక్షల గ్యాలనుల కిరసనాయిలు మంటలపాలయ్యెను. భయపడిన జనులు పట్టణము విడిచి పల్లెలకు పరుగిడిరి. ఆ కిరసనాయిలు ఎవరిది? కంపెనీది. అది ఎవరి దీపములలో వెలుగవలసినది? పేదవారి గుడిసెలలో.

ఇక మన తెలుగువారిని అన్నింటికంటె లోతుగా గాయపఱచిన చమురు యుద్ధమును గూర్చి చెప్పుదును. నేను ఉపాధ్యాయ శిక్షణకై ఆంధ్రప్రదేశ్‌లో నున్న దినములలో శ్రీకాకుళము, విశాఖపట్టణము వైపునుండి వచ్చిన సహాధ్యాయులు తమ ఇండ్లలో ముసలివారు చెప్పు "రంగము" కథలను వినిపించెడివారు. రంగమనగా రంగూను. కరవు వచ్చినను, అప్పు మీదబడినను ఆ ప్రాంతపు పేదలు ఓడ యెక్కి రంగము పోయెడివారు. కాకినాడ చెంతనున్న కోరంగి రేవు పేరునుబట్టి బర్మావారు వారిని "కోరంగీలు" అని పిలిచిరి. రెండవ ప్రపంచయుద్ధమునకు ముందు బర్మాలో తెలుగువారు లక్షకు మించి యుండిరి. రేవులలో మూటలు మోసినవారు, బియ్యపు మిల్లులలో పనిచేసినవారు, చమురు కర్మాగారములలో కూలి చేసినవారు, వీధులు ఊడ్చినవారు వీరే.

బర్మాలో యెనాంజాంగ్ అనుచోట చమురు బావులుండెను. అచ్చటి నూనె గొట్టముల ద్వారా రంగూను చెంతనున్న సిరియం శుద్ధి కర్మాగారమునకు వచ్చెడిది. 1941లో జపాను చైనాతోను ఇండోచైనాలోను సాగించు దురాక్రమణకు ప్రతిగా అమెరికా జపానుకు చమురు అమ్ముట మానివేసెను. స్వదేశమున చమురు లేని జపాను వెనుదీయుటకు మాఱుగా డచ్చివారి ఈస్టిండీసు ద్వీపములలోని చమురుపైకి దండెత్తెను. బర్మాను పట్టుటలోను చమురు ఒక కారణము; చైనాకు సామగ్రి పోవు దారిని మూసివేయుట మఱియొక కారణము. జపాను మాత్రము ఆసియా ప్రజలను విముక్తులను చేయుటకు వచ్చితినని చాటుకొనెను.

1941 డిసెంబరు 23న రంగూనుపై బాంబులు పడెను. చచ్చినవారిలో రేవు కూలీలు అనేకులు. 1942 మార్చి 7న బ్రిటిషువారు సిరియం కర్మాగారమును తామే పేల్చివేసి నగరము విడిచిరి. ఏప్రిల్ మధ్యమున యెనాంజాంగ్ బావులను సయితము శత్రువునకు దక్కకుండ పాడుచేసిరి. ఆ పని కొఱకు ముందుగనే నిపుణులు వచ్చిరి, ప్రణాళిక సిద్ధమయ్యెను, ఏ యంత్రమును ఏ గంటకు పేల్చవలెనో నిర్ణయమయ్యెను. కాని ఆ యంత్రములవద్ద పనిచేసిన కూలీలు ఎట్లు ఇల్లు చేరవలెనో యోచించి ఏర్పాటు చేసినవారు అరుదు. సుమారు అయిదు లక్షలమంది భారతీయులు బర్మానుండి పారివచ్చిరి. ఓడ దొరకినవారు కొందఱు. తక్కినవారు అరకాను కొండలమీదుగా, మణిపురపు అడవులమీదుగా నడచిరి. తెల్లవారికి ఒక దారి, నల్లవారికి ఒక దారి కేటాయించిరని దేశమంతట నిరసన చెలరేగెను. కలరా, చలిజ్వరము, ఆకలి, వాన – వీనివలన దారిలో వేలకొలది జనులు రాలిపోయిరి. ఎందఱో సరియైన లెక్క నేటికిని లేదు. ఆ ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణము, కాకినాడలపై జపాను విమానములు బాంబులు వేసెను. రంగమునుండి బ్రతికి వచ్చినవానికి సొంతయూరిలోను అవే విమానములు ఎదురయ్యెను.

ఇప్పుడు ఈ కథయొక్క రెండవ భాగమును వినుడు. యుద్ధము ముగిసిన పిదప బర్మా ఆయిల్ కంపెనీ, తమ ఆస్తులను ప్రభుత్వాజ్ఞచే నాశనము చేసిరి గనుక పరిహారము ఈయవలెనని బ్రిటిషు ప్రభుత్వముపై వ్యాజ్యము వేసెను. అది పైకోర్టులు దాటి ప్రభువుల సభవఱకు పోయెను. 1964లో అధికసంఖ్యాక న్యాయమూర్తులు కంపెనీ పక్షమున తీర్పు చెప్పిరి. 1965లో పార్లమెంటు క్రొత్త చట్టము చేసి, వెనుకటి తేదీనుండి వర్తించునట్లు ఆ హక్కును రద్దుచేసెను. న్యాయశాస్త్రము చదువువారు ఈ వ్యాజ్యమును నేటికిని చదువుచున్నారు. కంపెనీ గెలిచినదా ఓడినదా అనునది నా ప్రశ్న కాదు. కంపెనీయొక్క ప్రతి తొట్టికి, ప్రతి గొట్టమునకు పట్టికలో పేరుండెను. అది కోర్టు తలుపు తట్టగలిగెను. అరకాను కనుమలో బిడ్డను పోగొట్టుకొన్న తెలుగు తల్లి ఏ కోర్టుకు పోగలదు? ఆమె పేరు ఏ పట్టికలో నున్నది?

యుద్ధమునకు చమురే కారణమా కాదా యని వాదించువారు ఈ తేడాను గమనింపవలెను. ఒక యుద్ధమున చమురు యంత్రమునకు లెక్కయుండి మనిషికి లెక్క లేకున్నచో, ఆ యుద్ధము చేసినవారి మనస్సులో ఏది విలువైనదో చెప్పుటకు వేఱు సాక్ష్యము అక్కరలేదు.

ఏబది సంవత్సరములు తిరుగకముందే అట్టి పరీక్ష మఱల వచ్చెను. 1990 ఆగస్టు 2న ఇరాకు కువైట్‌ను ఆక్రమించెను. ఇరానుతో ఎనిమిదేండ్లు పోరాడి ఇరాకు అప్పులపాలై యుండెను. కువైట్ అధికముగా చమురు తీసి ధర పడగొట్టుచున్నదనియు, సరిహద్దునందలి తమ చమురును దొంగిలించుచున్నదనియు సద్దాం హుస్సేను ఆరోపించెను. ఆ భూమి పూర్వము తమదే యను పాత వాదమును కూడ ఎత్తుకొనెను. ఆనాడు కువైట్‌లో లక్షా డెబ్బదివేల మందికి పైగా భారతీయులుండిరి. కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతములనుండియు గోదావరి జిల్లాలనుండియు పోయిన మనవారు వారిలో నుండిరి. డ్రైవర్లు, మేస్త్రీలు, ఇంటిపని చేయు స్త్రీలు ఒక్క రాత్రిలో జీతమును, దాచుకొన్న సొమ్మును, కొందఱు పాస్‌పోర్టును సయితము పోగొట్టుకొనిరి. ఎడారి దాటి జోర్డానులోని అమ్మాను చేరిరి. అచ్చటినుండి ఎయిర్ ఇండియా విమానములు రెండు నెలలపాటు వారిని స్వదేశమునకు చేర్చెను. 1942లో జరుగని పని 1990లో జరిగినది. తనది యను ప్రభుత్వము ఉండుటకును లేకుండుటకును గల భేదము ఇదియే.

ఆ యుద్ధపు ఖర్చు కువైట్ వెళ్లని ఇంటికిని వచ్చెను. చమురు ధర కొలది మాసములలో రెట్టింపునకు మించి పెరిగెను. గల్ఫునుండి వచ్చు డబ్బు తగ్గెను. అప్పటికే లోటులోనున్న మన ఖజానాకు ఇది మోయరాని బరువయ్యెను. 1991 నడుమ నాటికి కొలది వారముల దిగుమతులకు మాత్రమే చాలునంత విదేశద్రవ్యము మిగిలెను. సుమారు 47 టన్నుల బంగారమును దేశము విదేశముల కుదువ పెట్టవలసివచ్చెను. తెలుగువాడైన పి.వి. నరసింహారావు గారు ఆ జూన్ నెలలోనే ప్రధానమంత్రి యైరి. ఇంట పెద్దజబ్బు వచ్చినప్పుడు తల్లి మెడలోని గొలుసు తాకట్టునకు పోవుట మనమెరుగుదుము. ఆ యేడు దేశమే ఆ పని చేసెను. దీనికి మన ప్రభుత్వముల అప్పులును కారణమే. కాని తుది దెబ్బ కొట్టినది చమురు యుద్ధము.

కువైట్ విడిచిపోవుచు ఇరాకు సేన 600కు పైగా చమురు బావులకు నిప్పు పెట్టెను. అవి అన్నియు ఆరుటకు 1991 నవంబరు వఱకు పట్టెను. తరువాత ఐక్యరాజ్యసమితి ఒక పరిహార సంఘమును స్థాపించెను. ఇది గమనింపదగినది: ఆ సంఘము కంపెనీలకంటె ముందుగా వ్యక్తుల అర్జీలను తీర్చెను. కువైట్ విడిచి రావలసివచ్చిన కూలికి సయితము 2,500 డాలర్లు మొదలుకొని నిర్ణీతమైన సొమ్ము లభించెను. ఏండ్లు పట్టినను అనేకులగు భారతీయులకు అది అందినది. మొత్తము పరిహారము 5,240 కోట్ల డాలర్లు. ఆ చెల్లింపు 2022లో ముగిసెను. అన్నింటికంటె పెద్ద మొత్తము, సుమారు 1,470 కోట్ల డాలర్లు, కువైట్ చమురు సంస్థకే పోయెను. అయినను ఈ మాఱు కూలి పేరు పట్టికలో నెక్కినది. ఎక్కినందున కొంత దక్కినది.

కాని ఆ సొమ్ము ఎక్కడిది? ఇరాకు అమ్ముకొన్న చమురు రాబడిలో నూటికి ముప్పది వంతులు మొదట దానికి తీసిరి. ఆ కాలముననే ఆంక్షలవలన ఇరాకు బిడ్డలు పాలకు, మందులకు అలమటించుచుండిరి. యుద్ధము తెచ్చిన ప్రభువు భవనములలో నుండెను. దండుగ కట్టినది అతని ప్రజలు.

2003లో అమెరికా ఇరాకుపై దండెత్తినప్పుడు సర్వసంహారక ఆయుధములే కారణమని చెప్పెను. ఆ ఆయుధములు దొరకలేదు. బాగ్దాదు పడిపోయిన ఏప్రిల్ దినములలో చమురు మంత్రిత్వశాఖ భవనమునకు అమెరికా సైనికుల కాపలా యుండెను. వేలయేండ్ల నాగరికతను దాచిన జాతీయ వస్తుప్రదర్శనశాల మాత్రము దోపిడికి గుఱియయ్యెను. చమురొక్కటే ఆ యుద్ధమునకు కారణమని నేను చెప్పను. భయము, పగ, అధికారమదము కూడ నుండవచ్చును. అయినను మొదట ఏది కాపాడబడినదో లోకమంతయు చూచినది. ఆ తరువాతి సంవత్సరములలో లక్షకు మించి ఇరాకు పౌరులు హతులైరి.

ఇక ప్రతిపక్షమువారి మాటను కూడ వినవలెను. "చమురు లేనిదే బస్సు నడువదు, పంట సంతకు రాదు, అన్నము ఉడుకదు. ప్రజలకు కావలసినదానిని ప్రభుత్వములు కాపాడుట తప్పా?" అని వారందురు. ఈ మాటలో సత్యము కలదు. మన దేశము వాడు ముడిచమురులో నూటికి ఎనుబదియైదు వంతులకు పైగా విదేశములనుండి వచ్చుచున్నది. కనుక కొనువారమగు మనకు ఇందు పాలు లేదని చేతులు దులుపుకొనరాదు. కాని కావలసిన వస్తువును కొనుట వేఱు, అది యున్న యింటిని దోచుట వేఱు. స్వదేశమున చమురు లేని జపాను యుద్ధానంతరము ఆ చమురునే డబ్బిచ్చి కొని, యుద్ధము చేసినప్పటికంటె ఎన్నో రెట్లు సంపన్నమైనది. యుద్ధము అనివార్యమను వాదమునకు ఇంతకంటె గట్టి సమాధానము నాకు తోచుట లేదు.

మన చేతిలో ఏమున్నదని మీరు అడుగవచ్చును. చమురును పొదుపుగా వాడుట, సూర్యరశ్మితోను గాలితోను విద్యుత్తు పుట్టించు పనులను ప్రోత్సహించుట అందఱును చెప్పునవే, అవి మంచివే. నేను తెలుగు ఉపాధ్యాయుడను గనుక వేఱొక మాట చెప్పుదును.

విద్యార్థులారా! మీలో పలువురి తాతముత్తాతలు పనికై ఊళ్లు విడిచినవారే. ఎవరో రంగము పోయిరి. ఎవరో కోలారు గనులలో దిగిరి. మఱియొకరు కువైట్ విమానమెక్కిరి. మీ ఇంటి పెద్దలను అడుగుడు. ఎవరు ఎప్పుడు పోయిరి, ఎట్లు తిరిగివచ్చిరి, ఎవరు రాలేదు, ఏమి పోయినది – పేరుతో, తేదీతో తెలుగున వ్రాసిపెట్టుడు. ఇంగ్లీషున కంపెనీల చరిత్రలు, సేనాపతుల చరిత్రలు కుప్పలుగా నున్నవి. నడచి వచ్చిన కూలి చరిత్ర అతని మాటలలో మిక్కిలి తక్కువ. మనము ఈ నగరమున అల్పసంఖ్యాకులము. అల్పసంఖ్యాకుల జ్ఞాపకములు వ్రాతలో లేకున్నచో రెండు తరములలో మాసిపోవును.

తలిదండ్రులకు ఒక మనవి. మీ ఇంట ఎవరైనను గల్ఫునకు పోవుచున్నచో పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందము, జీతపు చీటీ – వీని నకళ్లను ఇంట నుంచుడు. అక్కడి మన రాయబార కార్యాలయమున పేరు నమోదు చేయించుడు. 1990లో తిరిగివచ్చిన కూలి తాను అక్కడ ఉంటినని చూపుటకు చేతిలోని కాగితమే ఆధారమయ్యెను. చిన్న కాగితము పెద్ద యుద్ధమును ఆపజాలదు. కాని యుద్ధము మింగినదానిలో కొంతనైన కక్కించగలదు.

వచ్చు మాఱు వేదికపై "యుద్ధములకు చమురే కారణమా?" అను విషయముమీద మాటలాడునప్పుడు మీరు ఏ పక్షమున నిలిచినను నాకు సమ్మతమే. మీ ప్రసంగములో రాజుల పేర్లతోపాటు ఒక కూలి పేరును, అతడు పోగొట్టుకొన్నదానిని చెప్పుడు. అది లేని వాదము, ఏ పక్షమునదైనను, సగము లెక్కయే యగును.